మేస్త్రి ఇచ్చిన పూచీ

మేస్త్రి గొంతుక్కూర్చుని, రాళ్ళ గుట్టలో ఒక్కొక్క సందులోకీ చూపుడువేలు దూర్చి తడి చూసుకుంటూ పోతున్నాడు. పొద్దున్నే పనిలోకి రాగానే అతను చేసే మొదటి పని అది. వేలు సగం దాకా దిగాలి, మట్టి గోరుకి అంటుకోవాలి, నీరు మాత్రం కారకూడదు. అలా ఉంటే ఆ సందులో నాటిన ఫెర్ను మొక్క సుఖంగా ఉన్నట్టు. తడి చాలదనిపిస్తే ఎడమచేతిలోని చెంబు వంచి కాసిని నీళ్ళు పోస్తాడు. చేతులకి తొడుగులు వేసుకోమని భార్య చెప్పీ చెప్పీ విసిగిపోయింది. తొడుగులేసుకుంటే మట్టి సంగతి తెలియదంటాడు. అందుకే అతని వేళ్ళ చివరలు మొద్దుబారి, గోళ్ళ చుట్టూ నల్లటి అంచు కట్టి, అరచేతుల నిండా ముళ్ళ గీతలుంటాయి. ముల్లు గుచ్చుకుంటే ఆగి చూసుకోవడం అతను ఎప్పుడో మానేశాడు.

గుట్ట వెనకవైపు, ప్రహరీ గోడ వారన ఉన్న సందు దగ్గరికి వచ్చేసరికి వేలికి తడి తగల్లేదు. పల్చగా, పొడిగా, ఉల్లిపొరలాంటిదేదో తగిలింది. ఎండుటాకు అనుకుని రెండు వేళ్ళతో పట్టి లాగాడు. వచ్చింది. ఇంకా వచ్చింది. మూరెడు బయటికి వచ్చాక కూడా దాని రెండో కొస రాళ్ళ లోపలే ఉంది.

పాము కుబుసం.

మేస్త్రికి పై ప్రాణాలు పైనే పోయాయి. చెంబు జారి గడ్డిలో పడి బుడబుడమంటూ ఖాళీ అయింది. ఆ పొర మీద పొలుసుల అచ్చు వరసగా, శుభ్రంగా ఉంది. ఎండకి పెళుసెక్కలేదు, ఇంకా మెత్తగానే ఉంది. అంటే విడిచి ఎన్నాళ్ళో కాలేదు. విడిచింది ఎంతో దూరం పోయి కూడా ఉండదు. ఇప్పటిదాకా ఎన్ని సందుల్లో వేలు పెట్టాడో గుర్తొచ్చి, ఆ వేలు తనది కానట్టు దూరంగా పట్టుకున్నాడు.

తలెత్తి ఇంటి వైపు చూశాడు. వంటింటి కిటికీ తెరిచే ఉంది గానీ అక్కడ ఎవరూ లేరు. కుబుసాన్ని చుట్ట చుట్టి, మందారం పాదులో గుంట తీసి పూడ్చి, మడమతో తొక్కాడు. తరవాత చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుచుకున్నాడు.

మేస్త్రి పిరికివాడు. ఈ మాట చాటుగా చెప్పక్కర్లేదు, అతనే ఒప్పుకుంటాడు. కుక్కలంటే భయం, నిచ్చెనంటే భయం, వేళకాని వేళ ఫోను మోగితే భయం, కొత్తగా పరిచిన గడ్డి మీద వాన పడితే భయం. "ఎదురొచ్చిన నీడకి కూడా పక్కకి తప్పుకునే రకం మా ఆయన," అని భార్య ఇరుగుపొరుగు దగ్గర నవ్వుతుంటుంది. వయసులో ఉండగా ఒక కార్ఖానాలో చేరాడు. యంత్రాల మోత కంటే అక్కడి సూపర్వైజరు గొంతుకి ఎక్కువ హడలిపోయి, జీతం కూడా అడక్కుండా వచ్చేశాడు. ఆ తరవాత ఒక నర్సరీలో కుండీలు మోసే పని దొరికింది. మొక్కలు కేకలేయవు. కుండీలు మోస్తూ మోస్తూ ఏ మొక్క ఎంత ఎదుగుతుందో, ఎంత నీడ ఇస్తుందో, దేని పక్కన దేన్ని పెడితే రెండూ బతుకుతాయో నేర్చుకున్నాడు. అలా ఇళ్ళ ముందూ వెనకా ఉన్న ఖాళీ జాగాని తోటగా దిద్దే మేస్త్రి అయ్యాడు.

అతని పద్ధతి వేరు. కాయితం మీద బొమ్మ గీయడు. అడుగున చిల్లులు పెట్టిన డబ్బాలో సున్నం పొడి పోసుకుని, తోట మొత్తాన్నీ ఉన్న కొలతల్లో నేలమీదే గీస్తాడు. ఇది బాట, ఇది పూలమడి, ఈ గుండ్రం నిమ్మచెట్టు. గీశాక కొన్నాళ్ళపాటు పలుగు పట్టనివ్వడు. "ముందు ఇందులో తిరగండి. చెట్టున్న చోట తొక్కకండి, చుట్టూ తిరిగి పోండి," అంటాడు ఇంటివాళ్ళతో. వాళ్ళు మొదట నవ్వుతారు. బట్టలు ఆరేయడానికి వెళ్తూ లేని నిమ్మచెట్టుని చుట్టి పోతారు. రెండు రోజులకి అలవాటు పడతారు. బాట ఎక్కడ ఇరుకైందో, కుర్చీ ఎక్కడ వేసుకోవాలనిపిస్తోందో వాళ్ళే చెబుతారు. అప్పుడు గీతలు చెరిపి మళ్ళీ గీస్తాడు. అందుకే అతన్ని అందరూ గీతల మేస్త్రి అంటారు. ఈ పని చేసేటప్పుడు మాత్రం అతనికి ఏ భయమూ ఉండదు. తప్పు గీస్తే చీపురుతో ఊడిస్తే పోతుంది కదా.

ఈ ఇంటిది పెద్ద పెరడు. ఇంటావిడ బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మ. ఆవిడ మొదట్లో పెరడంతా సిమెంటు చేయించేద్దామనుకుంది. ఊడవడం తేలిక, పురుగూ పుట్రా బాధ ఉండదు. కూతురు అడ్డుపడింది. ఆ అమ్మాయి కడుపుతో ఉంది, నెలలు నిండే దాకా తల్లి దగ్గరే ఉంటానని వచ్చింది. గచ్చు మీద నడిస్తే కాళ్ళు మంటలు, మట్టి మీద నడిస్తే హాయి అంటుంది. సున్నం గీతల తోటలో మొదటిరోజే చెప్పులు విప్పేసి, ఒక్క గీత కూడా తొక్కకుండా చుట్టూ తిరిగొచ్చి, "బాబాయ్, నీ నిమ్మచెట్టు చల్లగా ఉంది," అంది. మేస్త్రి జన్మలో అంతటి మెప్పు వినలేదు. ఆ సంతోషంలోనే, ఎవరూ అడక్కపోయినా, పెరటి మూలకి రాళ్ళ గుట్ట ఒకటి గీశాడు. నల్లరాళ్ళు ఒకదానిమీద ఒకటి పేర్చి, సిమెంటు పెట్టకుండా సందులు వదిలి, సందుసందుకీ ఫెర్నులు. ఎన్నాళ్ళ నుంచో అతని మనసులో ఉన్న కోరిక అది. ఎవరూ పడనివ్వలేదు.

టీచరమ్మ కూడా పడనివ్వనంది.

"రాళ్ళు పేరిస్తే సందుల్లో పాములు చేరవటయ్యా? పిల్ల పొద్దస్తమానం ఇక్కడే తిరుగుతుంది. ఒట్టికాళ్ళతో."

"చేరితే నన్నడగండమ్మా. నాదీ పూచీ," అన్నాడు మేస్త్రి. ఆ మాట అంత ధైర్యంగా తన నోట్లోంచే వచ్చిందంటే తరవాత అతనే నమ్మలేకపోయాడు.

"నీ పూచీ నువ్వు ఇంటికెళ్ళిపోయాక మాకెందుకు పనికొస్తుందిట?" అని దెప్పింది గానీ, కూతురి మొహం చూసి ఊరుకుంది.

ఆ పూచీ ఇప్పుడు మందారం పాదులో పూడ్చి ఉంది.

పెరటి తలుపు చప్పుడైంది. అమ్మాయి నడుం మీద చెయ్యి వేసుకుని మెట్లు దిగుతోంది. చెప్పులు పై మెట్టు మీదే వదిలేసింది. వదులుగా ఉన్న గౌను అంచు కింద ఆమె పాదాలు కాస్త వాచి, తెల్లగా ఉన్నాయి. మేస్త్రికి ఆ పాదాలు తప్ప ఇంకేమీ కనిపించలేదు. అవి మెట్టు మీంచి గడ్డి మీదకి, గడ్డి మీంచి మట్టి బాట మీదకి వచ్చేలోపల పరిగెత్తుకుంటూ ఎదురెళ్ళాడు.

"వద్దు తల్లీ, ఆగు! దిగద్దు!"

"ఏమైంది బాబాయ్?"

"మందు... మందు కొట్టాను. పురుగుల మందు. కడుపుతో ఉన్నవాళ్ళు తొక్కకూడదు."

"వాసన రావట్లేదే?"

"ఇది వాసన రాని రకం," అన్నాడు. అబద్ధం ఆడినప్పుడు అతని చెవులు ఎర్రబడతాయి. అమ్మాయి ఆ చెవుల వంక చూసి నవ్వి, మెట్టు మీదే కూలబడి, గడ్డి చివరలు మాత్రం బొటనవేలితో తాకుతూ కూర్చుంది. తాకిన ప్రతిసారీ మేస్త్రి గుండె ఒకసారి జారి మళ్ళీ చోటికొచ్చింది.

లోపల్నుంచి టీచరమ్మ గొంతు వినిపించింది. "నిన్ననేగా ఈ తోటలో మందుల పని ఉండదన్నావు?"

"నిన్న లేదమ్మా. ఇవాళ పడింది."

"ఏం పురుగు?"

"ఆకు తినే పురుగమ్మా."

"ఏ ఆకు?"

బళ్ళో పిల్లల్ని నిలబెట్టి అడిగినట్టు ఆవిడ అడుగుతూనే ఉంటే మేస్త్రి మందారం అన్నాడు, తరవాత గన్నేరు అన్నాడు, రెండూనూ అన్నాడు. చివరికి పొయ్యి మీద పాలు పొంగడం వల్ల ఆ పరీక్ష అక్కడితో ఆగింది.

ఆ పూట అతనికి పని సాగలేదు. మట్టితో సహా కోసి తెచ్చిన గడ్డి పలకలు పరవాలి, పరవలేకపోయాడు. పలక ఎత్తిన ప్రతిసారీ ముందు కర్రతో పొడిచాడు. నీళ్ళ గొట్టం తిప్పుతుంటే దాని వంపు ఒకటి గడ్డిలో కదిలింది, అంతే, కెవ్వుమని ఎగిరి వెనక్కి పడ్డాడు. గోడవతల ఎవరో నవ్వారు. ఎండ పెరిగేకొద్దీ రాళ్ళ గుట్ట నీడ చిన్నదవుతూ వచ్చింది, ఆ సందులు మాత్రం నల్లగానే ఉన్నాయి. మేస్త్రి ఎటు తిరిగి పని చేస్తున్నా వీపు వాటివైపు ఉంచలేకపోయాడు. తను పేర్చిన రాళ్ళే. ఏ రాయి వెనక ఎంత ఖాళీ ఉందో తనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మొక్క వేళ్ళు ఊపిరి పీల్చుకోవాలని లోపల కూడా బోలుగా వదిలాడు. పాముకి ఇల్లు కట్టమన్నా అంతకంటే బాగా కట్టలేడు.

మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పి గోడ నీడన కూర్చున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు గానీ రుచి తెలియలేదు. చెప్పేస్తే? చెప్పేస్తే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. కొన్నేళ్ళ కిందట ఇంకో ఇంట్లో ఇలాగే పొదలో పాము తోక కనిపిస్తే, దాచడం పాపమని వెంటనే ఇంటాయనకి చెప్పాడు. సాయంత్రానికి గొడ్డళ్ళు వచ్చాయి. మల్లెపొద, మొక్కలతో పెంచిన కంచె, కాపుకొచ్చిన దానిమ్మ, అన్నీ నరికేశారు. పాము దొరకనే లేదు. వారం తిరక్కుండా సిమెంటు పోశారు. ఇప్పుడు ఆ తోట మీద కారు నిలబడుతుంది. ఆ సిమెంటు ఆరకముందే పేట అంతా అతనికి పాముల మేస్త్రి అని పేరు పెట్టింది. ఒక వానాకాలం మొత్తం ఎవరూ పనికి పిలవలేదు. భార్య కుట్టుమిషను మీద ఇల్లు గడిచింది. ఆమె ఒక్కమాట అనలేదు, దానికే అతనికి ఇంకా భయం వేసింది.

చెప్పకపోతే? చెప్పకపోతే ఆ వాచిన పాదాలు. అతను డబ్బా మూత పెట్టేశాడు. కక్కలేక మింగలేక ఉన్నాడు.

అయినా లేచాడు. నోట్లోనే మాటలు కూర్చుకున్నాడు. అమ్మా, ఒక చిన్న సంగతి. కంగారు పడకండి. ఇలా అనుకుంటూ వంటింటి గుమ్మం దాకా వెళ్ళేసరికి టీచరమ్మే ఎదురొచ్చింది. చేతిలో అతనికోసం తెచ్చిన మజ్జిగ గ్లాసు ఉంది.

"ఇదిగో మేస్త్రీ. పొద్దున ఊరికే కసిరాను, ఏమనుకోకు," అంది. "ఒక మాట చెప్పాలి నీకు. పిల్లకి రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. ఆ డాక్టరు ఏవేవో చెప్పాడు. నీ తోటలో తిరగడం మొదలెట్టాక ఒళ్ళెరక్కుండా పడుకుంటోంది. సిమెంటు పోయించనందుకు నేను నిజంగా సంతోషిస్తున్నానయ్యా. వీధి చివరి ఇంటివాళ్ళు కూడా రేపు సాయంత్రం చూడ్డానికి వస్తామన్నారు. ముఖ్యంగా ఆ రాళ్ళ గుట్ట చూడాలిట."

మేస్త్రి గ్లాసు అందుకున్నాడు. మజ్జిగ గటగటా తాగేశాడు. "అలాగేనమ్మా," అన్నాడు. గ్లాసు ఇచ్చేసి వెనక్కి వచ్చేశాడు. వచ్చాక, ఇంత వయసొచ్చీ ఒక్క మాట చెప్పలేకపోయినందుకు అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు అతనికి ఒక ఆలోచన వచ్చింది. పిరికివాళ్ళకి వచ్చే ఆలోచనలు ఒక్కోసారి మహా సాహసంగా ఉంటాయి. ఎవరికీ చెప్పకుండా గుట్ట తనే విప్పేస్తే? రాళ్ళు విడివిడిగా ఎండలో పరిచేస్తే దాక్కునే చోటు ఉండదు, వచ్చిన దారినే గోడవతలి ఖాళీ స్థలంలోకి పోతుంది. పాము పేరెత్తక్కర్లేదు. తోట బతుకుతుంది. అమ్మాయి బతుకుతుంది. తన పూచీ తను నిలబెట్టుకున్నట్టూ ఉంటుంది.

పొడుగాటి గడ్డపార తెచ్చుకుని, చెయ్యి చాచినంత దూరంలో నిలబడి, పై రాయిని తోశాడు. అది దొర్లి కింద పడ్డ చప్పుడుకి తనే ఉలిక్కిపడ్డాడు. ఏమీ రాలేదు. రెండో రాయి. ఏమీ లేదు. ప్రతి రాయి కిందా చల్లటి నలుపు, తడిసిన వేళ్ళు, పరిగెత్తే చీమలు. ఒక చోట పొడుగ్గా ఏదో కదిలినట్టుంటే గడ్డపార వదిలేసి మెట్ల దాకా పరిగెత్తాడు. అది వానపాము. తిరిగొచ్చి, ఆయాసం తీర్చుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు. చొక్కా తడిసి వీపుకి అతుక్కుంది. నోరు ఎండిపోయింది. అయినా ఆపలేదు. అతని మొత్తం బతుకులో భయపడుతూ కూడా ఆపకుండా చేసిన పని బహుశా అదొక్కటే.

రాళ్ళ చప్పుడుకి టీచరమ్మ బయటికి వచ్చింది. సగం కూలిన గుట్టని చూసి నోరు వెళ్ళబెట్టింది.

"ఇదేం పనయ్యా? రేపు చూడ్డానికి వస్తున్నారని ఇప్పుడేగా చెప్పాను!"

"వరస కుదర్లేదమ్మా. మళ్ళీ పేరుస్తాను."

"నీకేమన్నా పిచ్చా? పొద్దున మందంటావు, ఇప్పుడు వరసంటావు. ఏం జరుగుతోందసలు?"

మేస్త్రి ఇంకో రాయి దించాడు. ఆవిడ విసురుగా లోపలికెళ్ళి, ఎవరితోనో ఫోనులో, మనిషి మంచివాడే గానీ తిక్క ఉందంటూ చెప్పుకోవడం అతనికి వినిపించింది. వినిపించినా ఎందుకో బాధ కలగలేదు.

రాళ్ళన్నీ దించేశాక నేలలో నాటిన అడుగు వరస ఫెర్నులు మాత్రం మిగిలాయి. నిమ్మమొక్క నాటినప్పుడు కత్తిరించిన ముళ్ళ పుల్లల్ని, పిల్లులు తవ్వకుండా, అతనే వాటి మొదళ్ళ చుట్టూ పరిచి ఉంచాడు. పాము ఎక్కడా లేదు. వెళ్ళిపోయింది కాబోలు. ఎంత తేలిక పడ్డాడంటే, గడ్డపార పక్కన పెట్టి నవ్వుకున్నాడు. ఫెర్నుని గడ్డపారతో పెకలిస్తే వేరు తెగుతుంది. వేరు తెగితే అది బతకదు. మొక్కని తీసేటప్పుడు చెయ్యి దానంతటదే మొదట్లోకి పోతుంది, పని తెలిసిన ఏ చెయ్యైనా అంతే. మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కొక్క దాని మొదట్లోకీ వేళ్ళు దించి, మట్టితో సహా మెల్లగా ఎత్తి తడి గోనె మీద పెట్టాడు. చివరి మొక్క గోడ వారన ఉంది. దాని కిందకి చెయ్యి పోనిచ్చినప్పుడు బొటనవేలి పక్కన చురుక్కుమంది.

నిమ్మముల్లు అనుకున్నాడు. చెయ్యి తీసి, చూడకుండానే, ఆ వేలు ప్యాంటుకి రాసుకుని, మళ్ళీ పెట్టి మొక్క ఎత్తాడు.

అది ముల్లు కాదు. కరిచినా నొప్పి తెలియనివ్వని జాతులు పాముల్లో ఉన్నాయి. ఆ సంగతి మేస్త్రికి తెలియదు. తెలిసినా అతని వేళ్ళకి ముల్లుకీ దానికీ తేడా చెప్పే శక్తి ఎప్పుడో పోయింది.

మొక్క ఎత్తాక కనిపించింది, గోడ పునాది కింద బొరియ. రెండు వేళ్ళు పట్టేంత. లోపల చీకటి. మేస్త్రి గభాలున వెనక్కి జరిగాడు. ఒక్కసారిగా పొద్దుటి భయమంతా తిరిగొచ్చింది. అంటే పోలేదు, ఇక్కడే ఉంది. ఇటుక ముక్కలు ఏరి గడ్డపారతో బొరియలోకి కూరాడు. అది చాలదనిపించింది. షెడ్డు వెనక, ఇల్లు బాగుచేయించినప్పుడు ఊడదీసి పడేసిన పాత వంటింటి తలుపు ఒకటి గోడకి ఆనించి ఉంది. బరువైన చెక్క, ఇనపపట్టీలు. దాన్ని ఈడ్చుకుంటూ, ఆగుతూ, మళ్ళీ ఈడ్చుకుంటూ తెచ్చి బొరియ మీదుగా నేలమీద అడ్డంగా పడేశాడు. అంచుల చుట్టూ మట్టి ఎగదోసి తొక్కాడు. గొళ్ళెం ఊడి పక్కకి వాలి ఉంటే అలవాటుగా దాన్ని కూడా వేసేశాడు. నేలమీద పడుకున్న తలుపుకి గొళ్ళెం దేనికో అతనికే తెలియాలి.

ఇక చెప్పక తప్పదనుకున్నాడు. తలుపెందుకు పడేశావంటే ఏ అబద్ధమూ అతకదు. వాళ్ళు సిమెంటు పోస్తే పోయనీ. చేతులు కడుక్కుని వంటింటి తలుపు తట్టాడు. అమ్మాయి తీసింది. ఇప్పుడే నిద్రలేచినట్టుంది, బుగ్గ మీద దిండు గీత ఉంది.

"అమ్మ వీధి చివరికి వెళ్ళింది బాబాయ్. ఏంటీ, చెమటలు పట్టి ఉన్నావు?"

"ఆ రాళ్ళల్లో తల్లీ..." అన్నాడు మేస్త్రి.

"ఊఁ?" అంటూ ఆమె పొట్ట మీద చెయ్యి వేసుకుంది. లోపల బిడ్డ కదిలిందేమో, మొహం ఒక్కక్షణం ఎటో పోయి, మళ్ళీ నవ్వుతూ తిరిగొచ్చింది. ఆ మొహాన్ని చూస్తూ చెప్పడం మేస్త్రి వల్ల కాలేదు. ఒంటరిగా ఉన్న పిల్ల, ఈ సమయంలో హడలగొడితే ఏమన్నా అయితే?

"రేపు పొద్దున్నే వచ్చి అమ్మగారితో ఒక మాట చెప్పాలి. అందాకా ఆ మూలకి వెళ్ళకు. ఆ తలుపు ముట్టుకోకు. ఎవర్నీ ముట్టనివ్వకు."

"మందేనా?"

"ఆఁ. మందే."

"సరే బాబాయ్, సరే. ఒట్టు," అని నవ్వి తలుపు వేసుకుంది.

బస్సులో అతనికి కిటికీ పక్క సీటు దొరికింది. కాసేపటికి రెప్పలు బరువెక్కాయి. రోజంతా భయపడటం కూడా కాయకష్టమే, అందుకే ఈ నిద్ర అనుకున్నాడు. రెప్పలు ఎత్తితే వీధిలైట్లు రెండేసి కనిపించాయి. దిగాల్సిన చోట కండక్టరు భుజం తట్టి లేపాడు. మెట్లెక్కుతుంటే కాళ్ళు తేలిపోయాయి. వాళ్ళ వాటా మేడ మీద, రెండు గదులు. ఊళ్ళో ఇందరికి తోటలు వేసినవాడికి సొంతంగా జానెడు మట్టి లేదు. ఆ సంగతి ఎవరైనా అంటే, "ఊడ్చుకునే పని తప్పింది," అనేవాడు.

భార్య కుట్టుమిషను మీంచి తలెత్తింది.

"ఏంటండీ అలా ఉన్నారు? కళ్ళు మూసుకుపోతున్నాయి."

"నిద్రొస్తోందే. కడుపులో కూడా ఏదో పట్టేసినట్టుంది."

"ఎండలో నీళ్ళు తాగకుండా చేసుంటారు. కాస్త తినండి, తగ్గుతుంది."

తినలేకపోయాడు. ముద్ద గొంతు దిగలేదు. ఆమె దుప్పటి పరిచి, పడుకోబెట్టి, కాళ్ళు ఒత్తుతూ కూర్చుంది.

"రేపు పొద్దున్నే... టీచరమ్మకి... నిజం చెప్పెయ్యాలే," అన్నాడు. మాట ముద్దగా వచ్చింది.

"ఏం నిజం? మీరు అబద్ధమెప్పుడు ఆడారు? మీకంత ధైర్యం కూడానా!" అని నవ్వింది ఆమె.

అతనూ నవ్వాలనుకున్నాడు. పెదవులు మాట వినలేదు. చెప్పాలనుకున్నాడు, ఆమెకైనా చెప్పాలి. నాలుక తిరగలేదు. ఏదో అవుతోందని అతనికి అప్పుడు అర్థమై ఉండాలి. భార్య చెయ్యి గట్టిగా పట్టుకోబోయాడు. ఆ పట్టులో బలం లేదు గనక, నిద్రలోకి జారుకుంటున్నాడనుకుని ఆమె దీపం తగ్గించింది.

తెల్లవారేసరికి మేస్త్రి లేడు.

నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు చూడవచ్చినవాళ్ళు. అదృష్టవంతుడు, కష్టం తెలియకుండా పోయాడన్నారు. అతని చేతులు భార్యే కడిగింది. గోళ్ళ చుట్టూ ఉన్న మట్టి ఎంత కడిగినా పోలేదు. అన్ని ముళ్ళ గీతల మధ్య బొటనవేలి పక్కన ఇంకో రెండు చుక్కలుంటే ఎవరికి కనిపిస్తాయి? ఆమెకీ కనిపించలేదు.

టీచరమ్మ ఆ కబురు ఫోనులో వింది. చివరిసారి తిక్క మనిషి అన్న సంగతి తలచుకుని ఏడ్చింది. అమ్మాయి గది తలుపు వేసుకుని ఏడ్చింది. నాలుగు రోజులు పెరట్లోకి ఎవరూ వెళ్ళలేదు. గోనె మీద ఉంచిన ఫెర్నులు ఎండిపోయాయి.

అయిదో రోజు సాయంత్రం కాస్త చల్లబడ్డాక అమ్మాయి మెట్లు దిగింది. మందు ఘాటు ఈపాటికి పోయి ఉంటుందనుకుంది. చెదిరిన రాళ్ళ మధ్య నుంచి, పాదాలకి మట్టి చల్లగా తగులుతుంటే, గోడ వారకి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఆయన అమ్మతో చెబుతానన్న మాట ఏమిటో మరి. మనిషే పోయాక ఆ ఒట్టుకి అర్థమేముంది? పొట్ట అడ్డం రాకుండా పక్కకి వంగి, గొళ్ళెం పట్టుకుని ఎత్తబోయింది. తలుపు అంగుళం కూడా లేవలేదు.

"వంగకే తల్లీ!" గుమ్మంలోంచి టీచరమ్మ కేకేసింది. "ఎందుకు పడేశాడో, ఏమిటో. రేపు ఎవర్నైనా పిలిచి తీయించేద్దాంలే, లోపలికి రా."

అమ్మాయి చేతులు దులుపుకుని లోపలికి వెళ్ళింది. పెరట్లో చీకటి పడుతోంది. గోడ వారన మట్టి మీద, గొళ్ళెం వేసిన ఆ పాత తలుపు అలాగే పడి ఉంది.